గేటు లోపలోళ్లు, గేటు బయటోళ్లు: ఈ నెల పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల సంచికలో ఫ్యాక్టరీల కాలుష్యం మీద రెండు పేజీల వ్యాసం వేశాం కదా, దానిమీద వచ్చినన్ని ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు ఈ మధ్యకాలంలో దేనిమీదా రాలేదు. అందుకే ఈసారి సినిమాలు, రాజకీయాల ప్రశ్నలు పక్కన పెట్టేసి మొత్తం వీటికే ఇచ్చేశాను. మొదటి ఉత్తరానికి జవాబు బాగా పొడుగైంది, అది కావాలనే.

ప్ర: సార్ నమస్తే. నేను పాశమైలారం దిక్కు ఒక మందుల కంపెనీల కాంట్రాక్ట్ మీద చేస్తున్న. మా ఊర్ల బోరు నీళ్లు బర్రెలు గూడ తాగయ్. మా నాయన, ఊరోళ్లు కంపెనీ మీద ధర్నాకి పోతరు, నన్ను జూసి నువ్వు వాళ్ల మనిషివి అంటరు. కంపెనీల సూపర్వైజర్ ఏమో మీ ఊరోళ్లతోనే మీ నౌకర్లు పోతయ్ అంటడు. కంపెనీల పనిచేసెటోళ్లే కాలుష్యం మీద కొట్లాడినట్టు చరిత్రల ఎక్కడన్న ఉన్నదా? ఉంటే చెప్పున్రి. (పేరు వెయ్యొద్దన్నారు)

జ: ఉంది తమ్ముడూ. కాకపోతే అది తేలిగ్గా జరగలేదు, మొదట్లో మీ సూపర్వైజర్ లాంటోళ్ల మాటే నెగ్గింది, పదేళ్లకి పైగా నెగ్గింది. జపాన్‌లో మినమాటా అని ఒక ఊరుంది, నువ్వు అడిగినదానికి అంతకన్నా సరిగ్గా సరిపోయే కథ నాకు తెలిసి ఇంకోటి లేదు. కాస్త ఓపిగ్గా చదువు.

క్యుషు దీవిలో సముద్రం ఒడ్డున ఉండే చిన్న ఊరు అది. 1908లో చిస్సో అనే కంపెనీ అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది, తర్వాత 1932 నుంచి ఎసిటాల్డిహైడ్ తయారు చెయ్యడం మొదలుపెట్టింది, ప్లాస్టిక్ పరిశ్రమకి కావాల్సిన సరుకు అది. దాని తయారీలో పాదరసం వాడతారు, వాడాక మిగిలిన నీళ్లు తిన్నగా సముద్రంలోకి వదిలేసేవాళ్లు. ఆ నీళ్లలో ఉండేది మామూలు పాదరసం కాదు, మిథైల్ మెర్క్యురీ, అది చేపల్లో పేరుకుంటుంది, చేపలు తిన్నవాళ్ల నరాల్లోకి, మెదడులోకి పోతుంది. 1950ల్లో అక్కడ పిల్లులు గిరగిరా తిరిగి సముద్రంలో పడి చచ్చిపోవడం మొదలైంది, ఆ తర్వాత మనుషులు, చేతులు వణకడం, చూపు తగ్గిపోవడం, మాట తడబడడం. 1956 మే 1న కంపెనీ ఆస్పత్రి డాక్టరే, హోసోకావా హజిమే అని, ఇదేదో అంతుబట్టని జబ్బు వచ్చిందని ఆరోగ్యశాఖకి రిపోర్ట్ ఇచ్చాడు.

ఇక్కడ నువ్వు గమనించాల్సింది ఆ ఊరి సంగతి. ఊరంతా కంపెనీ మీదే బతికేది. ఆ పాదరసం పద్ధతిని ఫ్యాక్టరీలో తయారు చేసిన ఇంజనీరు హషిమొటో, ఆయన ఫ్యాక్టరీ మేనేజర్ అయ్యాడు, తర్వాత ఊరికి మేయర్ కూడా అయ్యాడు, అదీ రెండు విడతలు. జబ్బు పడినవాళ్లేమో చేపలు పట్టుకునే పేదవాళ్లు, వాళ్లని ఊళ్లో అంటురోగం వాళ్లని దూరం పెట్టేవాళ్లు, దుకాణాల్లో వాళ్ల చేతి డబ్బులు ముట్టుకోవడానికి భయపడ్డారు.

1959 జులైలో కుమమోటో యూనివర్సిటీ వాళ్లు కారణం సేంద్రియ పాదరసమే అని చెప్పేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో డాక్టర్ హోసోకావా ఫ్యాక్టరీ నుంచి వచ్చే నీళ్లని ఒక పిల్లికి మేతలో కలిపి పెడితే దానికి అచ్చం అదే జబ్బు వచ్చింది, అది 400వ నంబర్ పిల్లి. కంపెనీ ఆ ప్రయోగాలు ఆపించేసి ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. నవంబర్ 2న వేలమంది మత్స్యకారులు ఫ్యాక్టరీలోకి దూసుకెళ్లి ధ్వంసం చేశారు, దెబ్బలు తగిలాయి, తర్వాత కేసులు పెట్టింది కూడా వాళ్లమీదే.

అప్పుడు ఫ్యాక్టరీ కార్మికులేం చేశారో తెలుసా? ఆ గొడవైన కొద్దిరోజులకే మేయర్, వ్యాపారుల సంఘం, ఇంకా ఊళ్లో పెద్ద సంఘాలన్నీ కలిసి గవర్నర్ దగ్గరికి వెళ్లాయి, ఫ్యాక్టరీ నీళ్లు ఆపించకండి, ఆపితే ఊరు చస్తుందని బతిమాలడానికి. ఆ గుంపులో కార్మిక సంఘం కూడా ఉంది. జీతాల కోసం, బోనస్ కోసం ఎర్రజెండా పట్టుకుని కంపెనీతో కొట్లాడే యూనియనే, ఈ విషయం వచ్చేసరికి కంపెనీ పక్కన నిలబడింది.

ఆ డిసెంబర్‌లో ఇంకో రెండు పనులు జరిగాయి. ఒకటి, సైక్లేటర్ అని నీళ్లు శుద్ధి చేసే మిషన్ పెట్టి, ప్రారంభం రోజు కంపెనీ ప్రెసిడెంట్ అందరి ముందు ఒక గ్లాసు నీళ్లు తాగి చూపించాడు. ఆ మిషన్‌కి పాదరసం తీసే శక్తే లేదు! రెండోది, గేటు ముందు నెలరోజులు కూర్చున్న బాధితులతో డిసెంబర్ 30న ఒక ఒప్పందం రాయించుకున్నారు. చనిపోయినవాళ్లకి 3 లక్షల యెన్లు, దాని పేరు నష్టపరిహారం కాదు, ‘పరామర్శ డబ్బు’. అందులో ఒక షరతు ఉంది, రేపు ఈ జబ్బుకి కంపెనీయే కారణమని తేలినా సరే మళ్లీ ఏమీ అడగకూడదని. కారణం మేమే అని లోపల తెలిసిన కంపెనీ రాయించిన షరతు అది. అప్పటికే కొత్త సంవత్సరం పండగ, ఇళ్లల్లో తిండి లేదు, సంతకాలు పెట్టేశారు.

కథ మలుపు తిరిగింది 1962లో, అది కూడా కాలుష్యం వల్ల కాదు, జీతాల వల్ల. కంపెనీ కొత్త జీతాల పద్ధతి పెట్టింది, యూనియన్ ఒప్పుకోలేదు, సమ్మె, లాకౌట్, దాదాపు ఆరు నెలలు నడిచింది. మధ్యలో కంపెనీ తనకి అనుకూలంగా రెండో యూనియన్ పుట్టించింది. అన్నదమ్ములు చెరో యూనియన్‌లో, పక్కపక్క ఇళ్లవాళ్లు మాట్లాడుకోవడం మానేశారు. సమ్మె ఓడిపోయాక పాత యూనియన్‌లో మిగిలినవాళ్లని పనికిమాలిన పనుల్లోకి తోశారు, ప్రమోషన్లు లేవు. అంటే మూడేళ్ల కిందట మత్స్యకారులకి జరిగింది ఇప్పుడు వీళ్లకి జరిగిందన్నమాట. ఊళ్లో వాళ్లకి తోడు ఎవరూ లేరు, చూస్తే ఆ జబ్బు మనుషులు తప్ప.

అయినా ఇంకో ఐదారేళ్లు పట్టింది. 1968 ఆగస్ట్‌లో పాత యూనియన్ మహాసభ పెట్టుకుని ఒక తీర్మానం చేసింది, జపాన్‌లో దాన్ని సిగ్గు తీర్మానం అంటారు. మేము ఇన్నేళ్లు కంపెనీతో పోరాడామని చెప్పుకుంటున్నాం, కానీ మినమాటా జబ్బు విషయంలో ఏమీ చెయ్యలేదు, మనుషులుగా, కార్మికులుగా మేము సిగ్గుపడుతున్నాం అని దాని సారాంశం. ఒక కార్మిక సంఘం ఇలా తనమీద తనే రాసుకున్న కాగితం ఇంకెక్కడా నేను చూడలేదు. అంతటితో ఊరుకోలేదు, 1970 మేలో ఈ కాలుష్యం మీదే ఒకరోజు ఎనిమిది గంటలు సమ్మె చేశారు, బాధితులు వేసిన కేసులో వీళ్లే వెళ్లి సాక్ష్యం చెప్పారు, ఏ పైపు ఎక్కడికి పోతుందో, ఏ నీళ్లు ఎప్పుడు వదిలారో. ఆ సంగతులు గేటు లోపల పనిచేసినవాళ్లకి తప్ప ఎవరికి తెలుస్తాయి చెప్పు? డాక్టర్ హోసోకావా కూడా చావుబతుకుల్లో ఆస్పత్రి మంచం మీద నుంచి 400వ పిల్లి సంగతి సాక్ష్యం చెప్పాడు. 1973 మార్చి 20న కుమమోటో జిల్లా కోర్టు కంపెనీదే తప్పని తేల్చింది, 1959 నాటి ఒప్పందం చెల్లదంది, ఒక్కొక్కరికి 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల యెన్ల దాకా పరిహారం ఇమ్మంది.

మీ ఊరోళ్లు కరెక్టా, నీ ఉద్యోగం ముఖ్యమా అంటే నేను తీర్పు చెప్పలేను తమ్ముడూ, నీ ఇంటి పొయ్యి సంగతి నాకేం తెలుసు. కానీ సూపర్వైజర్ మాట మాత్రం నమ్మకు. ఆ మాట 1959లో మినమాటాలో అందరూ నమ్మారు. ఇంకోటి, వాళ్లకన్నా నీ పరిస్థితి కష్టం, అది ఒప్పుకోవాలి. చిస్సో కార్మికులు పర్మనెంట్, యూనియన్ ఉంది. మన దగ్గర కాంట్రాక్టరు కింద ఒడిశా, బిహార్, యూపీ నుంచి వచ్చిన పిల్లలు పనిచేస్తారు, వాళ్లకి ఊరితో పరిచయం లేదు, ఊరికి వాళ్లతో లేదు. 2025 జూన్ 30న మీ పాశమైలారంలోనే సిగాచి ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా చనిపోయినప్పుడు లోపల ఎవరెవరు ఉన్నారో లెక్క తేలడానికే రోజులు పట్టింది, అది నువ్వు దగ్గర్నుంచి చూసే ఉంటావు. నీలాగా ఊరోడూ అయ్యుండి కంపెనీలోనూ పనిచేసేవాడు ఇద్దరికీ మధ్య వారధి, అందుకే రెండు వైపుల నుంచీ తిట్లు పడుతున్నాయి.

ప్ర: ఇలాంటి ఉద్యమాలన్నీ అమెరికాలో మొదలై మనకి వచ్చాయని మా అబ్బాయి అంటాడు, నిజమేనా? (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు)

జ: కాదండీ. జపాన్‌లోనే అషియో రాగి గని కాలుష్యం మీద 1890ల నుంచి రైతులు టోక్యోకి ఊరేగింపులు కట్టారు, వాళ్ల ఎంపీ టనాకా షోజో 1901లో పదవికి రాజీనామా చేసి ఏకంగా చక్రవర్తి బండికి అడ్డం వెళ్లి అర్జీ ఇవ్వబోయాడు. విచిత్రం ఏంటంటే 1907లో అదే గనిలో కార్మికులు తిరగబడితే సైన్యం వచ్చింది, అదే ఏడాది ఆ గని నీళ్లు పారే నది కింది ఒడ్డున యనాకా అనే ఊరిని ప్రభుత్వం ఖాళీ చేయించి ఇళ్లు కూలగొట్టింది. కంపెనీ ఒకటే, ఏడాది ఒకటే, రెండు పోరాటాలూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

అయితే అమెరికా గురించి మీ అబ్బాయికి ఒక మంచి సంగతి చెప్పండి. టోనీ మజోకీ అని చమురు, రసాయన కార్మికుల యూనియన్ నాయకుడు, 1973లో షెల్ రిఫైనరీల్లో ఆరోగ్యం, భద్రత కోసం సమ్మె నడిపితే పర్యావరణ సంఘాలు బహిరంగంగా మద్దతు ఇచ్చాయి. అదే యూనియన్ మనిషి కరెన్ సిల్క్‌వుడ్, ఓక్లహామాలో ప్లుటోనియం ఫ్యాక్టరీలో జరిగే నిర్లక్ష్యాల మీద కాగితాలు పోగేసి, 1974 నవంబర్‌లో ఒక విలేకరిని కలవడానికి వెళ్తూ కారు ప్రమాదంలో చనిపోయింది.

ప్ర: భోపాల్ గ్యాస్ గురించి ప్రతి డిసెంబర్‌లో చదువుతాం. అక్కడ పనిచేసే వర్కర్లకి ప్రమాదం వస్తుందని ముందే తెలియదా? తెలిస్తే ఎందుకు ఊరుకున్నారు? (విజయవాడ నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు)

జ: ఊరుకోలేదు మాస్టారూ, అదే బాధ. 1981 డిసెంబర్‌లో ఫాస్జీన్ గ్యాస్ తగిలి ఒక కార్మికుడు చనిపోయాడు, అంటే పెద్ద ప్రమాదానికి మూడేళ్ల ముందు. తర్వాత ఏడాది మళ్లీ లీకులు. యూనియన్ వాళ్లు 1982లో ఊరంతా పోస్టర్లు అంటించారు, ఈ ఫ్యాక్టరీ వల్ల వేలమంది కార్మికులు, నగర ప్రజల ప్రాణాలు ప్రమాదంలో ఉన్నాయి అని. అదే ఏడాది రాజ్‌కుమార్ కేస్వానీ అనే స్థానిక జర్నలిస్టు వరసపెట్టి రాశాడు. పోస్టర్లు చినిగిపోయాయి, పేపర్లు పొట్లాలు కట్టుకోడానికి పోయాయి.

కంపెనీ చేసిందేంటంటే, పురుగుమందు అమ్మకాలు పడిపోయాయని ఖర్చు తగ్గించడం మొదలెట్టింది. మిక్ (మిథైల్ ఐసోసయనేట్, ఆ రాత్రి లీకైన గ్యాస్ అదే) యూనిట్‌లో షిఫ్టుకి ఉండాల్సిన మనుషుల్ని సగానికి తగ్గించారు. గ్యాస్ ట్యాంకుని చల్లగా ఉంచాల్సిన యంత్రాన్ని 1984 జూన్‌లో ఆపేశారు. లీకైన గ్యాస్‌ని కాల్చేసే ఫ్లేర్ టవర్ పైపు ఊడదీసి ఉంది. ఇవన్నీ లోపల పనిచేసేవాళ్లకి తెలుసు, గేటుకి ఎదురుగా జేపీ నగర్ బస్తీలో పడుకున్నవాళ్లకి తెలీదు. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటాక ట్యాంకులోంచి 40 టన్నుల దాకా గ్యాస్ బయటికొచ్చింది.

మళ్లీ తర్వాతి పోరాటం కూడా ఒక యూనియన్‌లోనే పుట్టింది, ఇది చాలామందికి తెలీదు. బాధితుల ఇళ్ల ఆడవాళ్లకి ప్రభుత్వం స్టేషనరీ తయారుచేసే పని ఇచ్చింది, ఫైళ్లు, రిజిస్టర్లు అవీ. అక్కడ కలిశారు రషీదా బీ, చంపాదేవి శుక్లా, ఒకరు ముస్లిం, ఒకరు హిందూ, జీతం చాలక యూనియన్ పెట్టారు. 1989లో 100 మంది దాకా ఆడవాళ్లు, పిల్లల్ని చంకనేసుకుని 700 కిలోమీటర్లకి పైగా నడిచి ఢిల్లీ వెళ్లారు, ప్రధానిని కలవాలని, మొదట అడిగింది కూలి గురించే. ఆ నడకలోంచి మందులు, తాగునీళ్లు, యూనియన్ కార్బైడ్‌ని కొన్న డౌ కంపెనీ బాధ్యత, అన్నీ ఆ యూనియన్ డిమాండ్లలోకి వచ్చేశాయి. 2004లో వాళ్లిద్దరికీ గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వస్తే ఆ డబ్బుతో చింగారీ ట్రస్ట్ పెట్టారు, వికలాంగులుగా పుట్టిన పిల్లల కోసం.

ఫ్యాక్టరీలో మిగిలిపోయిన 337 టన్నుల విషం చెత్త భోపాల్ దాటడానికి 40 ఏళ్లు పట్టింది, 2025 జనవరిలో 12 కంటైనర్లలో అదే రాష్ట్రంలోని పీథంపూర్ పంపిస్తే అక్కడి జనం మాకొద్దని రోడ్డెక్కారు. వాళ్లని తప్పు పట్టగలమా?

ప్ర: మీ పత్రిక ఎప్పుడూ ఫ్యాక్టరీలని తిడుతుంది. అన్నీ మూసేస్తే బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఆకాశంలోంచి పడతాయా? వర్కర్ల కుటుంబాలు ఏమైపోతాయో ఎప్పుడైనా రాశారా? (ఒక చిన్న పరిశ్రమ యజమాని, కర్నూలు)

జ: తిట్టినా మీ ప్రశ్న న్యాయమైనదే సార్. కేరళలో మావూర్ సంగతి వినండి. చాలియార్ నది ఒడ్డున 1960ల్లో బిర్లాల గ్వాలియర్ రేయాన్స్ ఫ్యాక్టరీ వచ్చింది, వెదురు, కలపతో పల్పు, దాంతో కృత్రిమ దారం. నది నల్లబడిపోయింది, వాళక్కాడ్ అనే ఊళ్లో క్యాన్సర్ కేసులు ఎక్కువైపోయాయని జనం గగ్గోలు పెట్టారు. ఆ ఊరి పంచాయతీ ప్రెసిడెంట్ కె.ఎ. రహ్మాన్ ఏళ్ల తరబడి పోరాడాడు. ఇంకోవైపు 1985లో కార్మికుల గొడవతో ఫ్యాక్టరీ మూతపడింది, మూడేళ్లు. ఆ మూడేళ్లలో కొంతమంది కార్మికులు ఆత్మహత్య చేసుకున్నారు. వాసు అనే నాయకుడు ఫ్యాక్టరీ తెరవాలని నిరాహారదీక్ష చేశాడు, వాళ్ల యూనియన్ పేరు గ్రో, అందుకే ఇప్పటికీ ఆయన్ని కేరళలో గ్రో వాసు అనే పిలుస్తారు. 1988లో తెరిచారు. నది మళ్లీ నల్లబడింది. 1999 జనవరిలో రహ్మాన్ క్యాన్సర్‌తోనే చనిపోయాడు, అదే ఏడాది ఫ్యాక్టరీ మూతపడింది.

ఇందులో విలన్ ఎవరో చెప్పండి చూద్దాం? ఆకలితో చచ్చిన కార్మికుడా, క్యాన్సర్‌తో చచ్చిన ప్రెసిడెంటా? ఆ రెండింటి మధ్య ఎంచుకోమని అడిగిన ఏర్పాటే తప్పు అంటాను నేను. నీళ్లు శుద్ధి చెయ్యడానికి పెట్టాల్సిన ఖర్చు ఎవరి పుస్తకంలో రాయాలి అన్నది అసలు తగువు, అది కంపెనీ పుస్తకంలో రాయకపోతే నది ఒడ్డునున్నవాళ్ల ఆస్పత్రి బిల్లులో రాసినట్టే.

మూసేశాక కూడా పోరాటం అయిపోదు, దానికి కొడైకెనాల్ ఉంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం నుంచి థర్మామీటర్ల ఫ్యాక్టరీ విప్పి తెచ్చి 1980ల్లో కొండమీద పెట్టారు, తర్వాత అది హిందుస్తాన్ లీవర్ చేతికి వచ్చింది. 2001లో ఊళ్లో పాతసామాను కొట్టులో టన్నుల కొద్దీ పాదరసం అంటిన గాజు ముక్కలు దొరికాయి, జనం ఊరేగింపుగా వెళ్లారు, ఫ్యాక్టరీ ఆగిపోయింది. అక్కడ మినమాటాలో పదేళ్లు పట్టిన పని ఇక్కడ మొదట్నుంచే జరిగింది, మాజీ కార్మికులూ పర్యావరణం వాళ్లూ కలిసే నడిచారు. 2003లో దాదాపు 290 టన్నుల చెత్తని ఓడలో అమెరికాకి తిరిగి పంపించారు, 2016 మార్చిలో కంపెనీ 591 మంది మాజీ కార్మికులతో, వాళ్ల కుటుంబాలతో ఒప్పందానికి వచ్చింది. పదిహేనేళ్లు పట్టింది లెండి.

మాత్రల సంగతా? మాత్రలు కావాలి. అవి తయారుచేసే చోటు సంగతి ఈ కింది ఉత్తరంలో.

ప్ర: పటాన్‌చెరు కేసు చిన్నప్పటి నుంచి వింటున్న, అసలు అది ఏమైంది సార్? (సంగారెడ్డి)

జ: 1970ల్లో పటాన్‌చెరు, తర్వాత బొల్లారం, ఇలా పారిశ్రామిక వాడలు వచ్చాయి, హైదరాబాద్ పక్కన మందుల ముడిసరుకు కంపెనీలన్నీ అక్కడే చేరాయి. నక్కవాగు అనే వాగు మంజీరలో కలుస్తుంది, కంపెనీల నీళ్లన్నీ ఆ వాగులోకే. వరి పొలాలు పోయాయి, బావులు ఎర్రగా, పచ్చగా మారాయి. అక్కడ ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టర్ కిషన్‌రావు తన దగ్గరికొచ్చే జబ్బుల్ని చూసి ఊళ్లని కూడగట్టాడు, 1980ల్లో వేలమంది హైదరాబాద్ దాకా నడిచారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది, అక్కణ్ణించి హైకోర్టుకి, అక్కణ్ణించి పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కి, తీర్పు వచ్చేసరికి 2017. మధ్యలో కోర్టు ఆదేశాలతో కొన్ని ఊళ్లకి మంచినీళ్లు, రైతులకి కొంత పరిహారం వచ్చాయి, అది మాత్రం ఊరికే రాలేదు.

కంపెనీలన్నిటి నీళ్లూ శుద్ధి చెయ్యడానికి 1990ల్లో ఉమ్మడి ప్లాంట్ పెట్టారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ ప్లాంట్ నుంచి శుద్ధి అయి బయటికొచ్చే నీళ్లు పరీక్ష చేస్తే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది, అదేనండి మనం విరేచనాలకీ వాటికీ వేసుకునే యాంటీబయాటిక్. మనిషి రక్తంలో మందు పనిచేసేటప్పుడు ఉండేదానికన్నా ఎక్కువ. ఒక్కరోజులో పోతున్నది 40 కిలోలకి పైనే, అప్పట్లో 90 లక్షల జనం ఉన్న స్వీడన్ ఐదు రోజులు వాడుకునేంత మందు! అలాంటి నీళ్లలో బతకడం నేర్చుకున్న సూక్ష్మజీవికి ఇంక ఏ మందు పనిచేస్తుంది? తర్వాత 18 కిలోమీటర్ల పైపు వేసి ఆ నీళ్లని అంబర్‌పేట ప్లాంటుకి, అటునుంచి మూసీకి పంపారు. వాగు బాగుపడాలంటే విషం ఆపాలి, మనవాళ్లు దాని అడ్రస్ మార్చారు. మూసీ కింద వరి, గడ్డి పండించేవాళ్లు ఈ కేసులో ఎక్కడా పార్టీ కాదు.

ఒక్కటి మాత్రం నన్ను ఎప్పుడూ తొలుస్తుంది. ఇన్నేళ్ల పోరాటంలో రైతులున్నారు, డాక్టర్లున్నారు, లాయర్లున్నారు, కంపెనీల లోపలి కార్మికులు సాక్ష్యం చెప్పడం మాత్రం దాదాపు లేదు. రాత్రి పూట ఏ ట్యాంకర్ ఎటు పోయిందో తెలిసినవాళ్లు వాళ్లే కదా.

ప్ర: సోంపేటలో మనం గెలిచాం కదా సార్, దాని గురించి పుస్తకాల్లో ఎందుకు లేదు? (ఇంటర్ విద్యార్థి, ఇచ్ఛాపురం)

జ: పాఠ్యపుస్తకాల్లోకి రావాలంటే ఇంకో తరం పట్టొచ్చు బాబూ. సోంపేట ప్రత్యేకత ఏంటంటే అది విషం వచ్చాక మొదలైన గొడవ కాదు, రాకముందే అడ్డుకున్న గొడవ. 2008లో ప్రభుత్వం థర్మల్ కరెంటు ప్లాంటుకని బీలలో 970 ఎకరాల పైన ఇచ్చేసింది, 2,640 మెగావాట్ల ప్లాంటు. కాగితాల మీద అది పనికిరాని భూమి. కానీ బీలంటే మీకు తెలుసు, చిత్తడి నేల, ఆ నీళ్లతో చుట్టూ ఊళ్లు వ్యవసాయం చేస్తాయి, చేపలు పడతారు, గడ్డి కోస్తారు, పశువులు మేస్తాయి. రైతులూ మత్స్యకారులూ కలిసే కూర్చున్నారు, రిలే దీక్షలు పెట్టారు, కేంద్రంలో విద్యుత్ కార్యదర్శిగా పనిచేసిన ఈఏఎస్ శర్మ గారి లాంటివాళ్లు కాగితాల పని చూశారు. ప్లాంటు గురించి లోపలి లెక్కలు తెలిసిన మనిషి బయటి పక్కన ఉండడం ఎంత బలమో అక్కడ తెలిసింది.

2010 జులై 14న పోలీసులు కాల్చారు, మనుషులు చనిపోయారు. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. ఆ ఆర్డరేదో ఒక్కరోజు ముందు వచ్చుంటే అనిపిస్తుంది ఎవరికైనా. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, మీ జిల్లాలోనే కాకరాపల్లిలో ఇంకో థర్మల్ ప్లాంటు దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. సోంపేట గురించి రాసేవాళ్లు కాకరాపల్లిని వదిలేస్తారు, నువ్వు రాస్తే వదిలెయ్యకు.

ప్ర: మా ఊరి పక్క కంపెనీ రాత్రిపూట వాగులోకి ఏదో వదులుతోంది, వాసనకి నిద్ర పట్టదు. సీసాలో నీళ్లు పట్టి దాచాం. ఇప్పుడేం చెయ్యాలి? (ఊరి పేరు వెయ్యడం లేదు)

జ: ఆ సీసా దాచుకోండి కానీ కోర్టులో దాని బలం తక్కువ. పరిశ్రమ నుంచి చట్టప్రకారం శాంపిల్ తియ్యాల్సింది కాలుష్య నియంత్రణ మండలి అధికారి, నీటి చట్టం 1974లో దానికో పద్ధతి ఉంది. కాబట్టి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, వాళ్లొచ్చి శాంపిల్ తీస్తే ఊరి తరఫున నలుగురు అక్కడే నిలబడండి, రిజల్ట్ కాపీ ఆర్టీఐ పెట్టి తెచ్చుకోండి. మీ ఫోన్లో తేదీ, టైము పడేలా వీడియోలు తీసి పెట్టుకోండి. గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్లాలంటే రెండు రాష్ట్రాలకీ చెన్నై బెంచ్, మామూలు ఫిర్యాదుకి ఆరు నెలల గడువు, పరిహారం అడగాలంటే ఐదేళ్లు, కారణం మొదలైన రోజు నుంచి లెక్క. ఈ గడువు దాటిపోయి కేసులు పోగొట్టుకునేవాళ్లు ఉంటారు, జాగ్రత్త.

కంపెనీ విస్తరణకి వెళ్తుంటే ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాల్సి రావొచ్చు, పెడితే కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి, మాట్లాడిన ప్రతి మాటా రికార్డు చెయ్యాలి. ఆ ప్రకటన ఏ పేపర్లో ఏ మూల వేస్తారో చూసే బాధ్యత ఊళ్లో ఒకరికి అప్పజెప్పండి.

ఇంకోటి. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని మార్చి, ప్రమాదకర పరిశ్రమలు తమ దగ్గరున్న ప్రమాదాల వివరాలు లోపలి కార్మికులకీ, చుట్టుపక్కల జనానికీ, ఇద్దరికీ చెప్పాలని పెట్టారు. మీ ఊరి నుంచి ఆ కంపెనీలో పనికెళ్లేవాళ్లు ఎవరో ఉండే ఉంటారు. వాళ్లని తిట్టకుండా ముందు ఒక సాయంత్రం కూర్చోబెట్టి టీ ఇచ్చి అడగండి, ఏ రోజు, ఏ వాల్వు, ఎన్ని గంటలకి అని.